వాన కబురు దాచిన మనిషి

మహాద్ కుదురుగా ఒకచోట కూచుని కాఫీ తాగడం మా జిద్దత్ ఎడారి మైదానంలో ఎవరూ చూసి ఎరగరు. ఆ కాఫీ గిన్నె ఎంతని, గుప్పిట్లో దాక్కునేంత. అది తాగేలోపు కూడా లేచి, జమ్మిచెట్టు నీడ దాటి ఎండలోకి వెళ్ళి, కళ్ళకి చెయ్యి అడ్డం పెట్టుకుని దూరంగా చూసి, ఏమీ కనపడక మళ్ళీ వచ్చి కూచుంటాడు. కూచున్నాడు కదా అని ఖర్జూరాల పళ్ళెం ముందుకి జరిపితే అప్పటికే మళ్ళీ లేచుంటాడు. సర్కారు వాళ్ళు రోడ్డు పక్కన వరసగా సిమెంటు ఇళ్ళు కట్టి అతనికీ ఒకటిచ్చారు. దాన్లో మేకలుంటాయి. మహాదూ, పెళ్ళాం ఘబీషా చెట్టు కిందే ఉంటారు. గోడ ఉంటే దాని అవతల ఏముందో కనపడదని అతని బాధ.

"అరికాళ్ళలో చక్రాలేసుకుని పుట్టావు నువ్వు," అనేది ఘబీషా. "ఆ తెల్లదాన్నే కట్టుకోకపోయావా? ఇద్దరూ కలిసి తిరిగేవాళ్ళు."

"అది నన్ను ఒప్పుకోవద్దూ," అనేవాడు మహాద్, చెప్పుల్లో కాళ్ళు దూరుస్తూనే.

తెల్లది అంటే ఓరిక్స్ జింక. వాటిని కాయడమే మహాద్ ఉద్యోగం. ఎండలో ఎంత దూరం నుంచైనా మెరుస్తుంది, మైదానంలో ఎవరో ఉతికిన బట్ట ఆరేసినట్టు. దగ్గరికి పోతే ఒళ్ళంతా తెలుపే గానీ కాళ్ళు మాత్రం బురదలో దిగి వచ్చినట్టు నల్లగా ఉంటాయి. నుదుటి మీదా, ముక్కు మీదా, చెంపల మీదా నల్ల మచ్చలు. తోక చివర నల్ల కుచ్చు. కొమ్ములు మనిషి చెయ్యంత పొడుగు, కింద కణుపులు కణుపులుగా, పైన నున్నగా, ఆడదానికీ మగదానికీ ఒకటే. పక్కకి తిరిగి నిలబడితే రెండూ ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి ఒంటికొమ్ము జంతువేమో అనిపిస్తుంది. నీళ్ళు కనపడితే తాగుతుంది, లేకపోతే అడగదు. సముద్రం మీంచి ఖరీఫ్ గాలులు వీచే కాలంలో పొగమంచు వచ్చి గడ్డి తడిస్తే అది నాకుతుంది, పక్కదాని వీపు మీద నీటిచుక్కలుంటే అవీ నాకుతుంది. మధ్యాహ్నం ఎండకి గిట్టలతో తుమ్మచెట్టు మొదట్లో చల్లని మట్టి తగిలేదాకా గొయ్యి తవ్వుకుని అందులో ముడుచుకుని పడుకుంటుంది. అంత ఓపికమంతురాలికి ఒక్క వాన విషయంలోనే ఓపిక లేదు. ఎక్కడో ఆకాశం చివర ఒక మెరుపు మెరిస్తే చాలు, ముక్కు అటు తిప్పి నిలబడుతుంది. మర్నాడు చూస్తే మంద మందంతా వరస కట్టి వెళ్ళిపోయి ఉంటుంది.

మహాద్ పుట్టేనాటికే ఇవి మా నేల మీద కరువైపోయాయి. బయటి నుంచి బళ్ళేసుకుని వచ్చినవాళ్ళు తరిమి తరిమి చంపేశారు. అతని తండ్రి కర్రపుల్లతో ఇసకలో గిట్ట గుర్తు గీసి, "ఇదిగో, ఇట్లా ఉండేది, మరిచిపోకండి," అని పిల్లలకి చూపించేవాడు. మహాద్ ఎన్నేళ్ళు మేకలు కాసినా ఆ గుర్తు నేల మీద నిజంగా కనపడలేదు. గడ్డం వచ్చాక, ఒకనాడు సముద్రం అవతలి నుంచి చెక్కపెట్టెల్లో పెట్టి వాటిని మళ్ళీ తెచ్చారు. పెట్టె తలుపు లేపగానే ముందు కొమ్ములు, తర్వాత తల బయటికొచ్చాయి. అక్కడ నిలబడ్డ ముసలాళ్ళు తలగుడ్డతో కళ్ళు తుడుచుకోవడం మహాద్ చూశాడు. ఆ రోజే, వాటి కోసం సర్కారు వేసిన క్యాంపులో కాపలా పనికి పేరిచ్చాడు. "ఒంటెలు కాసే ఇంట్లో పుట్టి జింకల్ని కాస్తావా," అని నవ్వినవాళ్ళు నవ్వారు. అతను పట్టించుకోలేదు.

మొదట్లో కంచె లోపల పెట్టి మేత వేశారు. తర్వాత కంచె తీసేస్తే అవి వెంటనే పోలేదు. తీసిన కంచె దగ్గర నిలబడి ఒక పగలంతా గాలి వాసన చూశాయి. మర్నాడు పొద్దున్నే కదిలాయి. ఆ కదలడం కదలడం, మహాద్ వాటి వెనకే ఉన్నాడు. తన కొడుకు ముసల్లం ఎప్పుడు నడిచాడో, ఎప్పుడు హైమా ఊళ్ళో బడిలో చేరాడో చెప్పమంటే తడుముకుంటాడు. ఏ జింక ఎప్పుడు ఈనిందో అడగండి, ఆ రోజు గాలి ఎటుందో కూడా చెప్తాడు.

ఇప్పుడు చెప్పబోయేది వానల్లేని ఏడాది మాట. నేల బూడిదైపోయింది. మేకలు అట్టముక్కలు నమిలేవి. ఒక సాయంత్రం తూర్పున మెరుపులు కనపడ్డాయి. పొద్దున్నకి మంద మాయం. దాని ముందు ఎప్పుడూ నడిచేది ఒక పెద్ద ఆడజింక. దాని ఎడమ కొమ్ము కొసన కొంచెం బయటికి వంగి ఉండేది, అందుకని వంకరకొమ్ము అని పిలిచేవాడు మహాద్. అది నిండుచూలుతో ఉంది.

మహాద్ బండేసుకుని కొన్నాళ్ళు అడుగుజాడలు వెతుక్కుంటూ పోతే సయ్మా పల్లంలో దొరికాయి. అక్కడ వాన పడి, నీళ్ళు నిలిచి ఇంకి, పచ్చిక అప్పుడే పిలకలేస్తోంది. మందలో వంకరకొమ్ము లేదు. ఏమైందోనని మందని రెండుసార్లు లెక్కపెట్టి, అప్పుడు సర్దుకున్నాడు. ఈనేముందు అది మందని వదిలి ఒక్కతే పోతుంది, అది దాని పద్ధతి. గాలికి ఎదురుగా చాలాసేపు నడిచి, ఒక గట్టు చాటున దాన్ని చూశాడు. దూరంగా మేస్తోంది, మేస్తూ మేస్తూ ఒక తుమ్మపొద వైపు చూస్తోంది. ఆ పొద కింద దూడ. పుట్టిన దూడకి తెలుపు ఉండదు, మచ్చలుండవు, ఇసక రంగులో ఉంటుంది. చెవులు వాల్చి మెడ నేలకి ఆనించి పడుకుంటే కాలితో తొక్కేదాకా కనపడదు. తల్లి దాని దగ్గర నిలబడదు, నిలబడితే నలుగురికీ చోటు తెలిసిపోతుందని. పాలివ్వాల్సినప్పుడు మాత్రం వచ్చి పిలుస్తుంది.

మహాద్ ఇంటికి వచ్చేసరికి మొహం మతాబాలా ఉంది. వాన పడింది, పచ్చిక వచ్చింది, దూడ పుట్టింది. ఇన్ని మంచి కబుర్లు కడుపులో పెట్టుకుని అడిగేవాడి కోసం ఎదురుచూస్తున్నాడు.

మాలో కబుర్లు అడగడమంటే ఊసుపోక చేసే పని కాదు. ఇద్దరు ఎదురుపడితే ముక్కులు ఆనించుకోవాలి, కూచోవాలి, కాఫీ పొయ్యాలి. "కబుర్లేంటి?" అని అడగాలి. "ఏమీ లేవు, అంతా క్షేమం," అని అవతలివాడు అనాలి. అలా అడగ్గా అడగ్గా అప్పుడు అసలు సంగతి చెప్పాలి. వాన ఎక్కడ పడింది, మేత ఎక్కడుంది, ఎవరి ఒంటె తప్పిపోయింది. ముఖ్యంగా వాన మాట దాచకూడదు. దాచినవాడి కాఫీ ఎవరూ తాగరు. ఇంత పెద్ద మైదానంలో మేం బతికి ఉన్నామంటే ఈ ఒక్క కట్టుబాటు వల్లే.

ఆ మధ్యాహ్నమే ఒక పికప్ బండి వచ్చి చెట్టు దగ్గర ఆగింది. దిగింది హుమైద్, ఘబీషా అక్క కొడుకు. పట్నంలో ఎక్కడో పనిచేస్తున్నానని చెప్పుకు తిరిగేవాడు. వాడితో ఇంకొకడున్నాడు, మా వాడు కాదు, నల్లద్దాలు పెట్టుకుని తియ్యనే లేదు. ముక్కులు ఆనించుకున్నారు. ఘబీషా ఒంటెపాలు తెచ్చి పెట్టింది. ఇద్దరూ తాగారు. కాఫీ అయింది.

"కబుర్లేంటి బాబాయ్?" అన్నాడు హుమైద్.

"ఏమీ లేవురా, అంతా క్షేమం. మీ కబుర్లేంటి?"

"మావీ ఏమీ లేవు. అయితే కబుర్లేంటి?"

ఇంక మహాద్ ఆగలేదు. సయ్మాలో వాన పడిందన్నాడు, పచ్చిక మొదలైందన్నాడు. "మరి నీ జింకలో?" అని హుమైద్ అడిగిందే చాలు, వంకరకొమ్ము ఈనిన సంగతీ, గట్టూ, తుమ్మపొదా, అన్నీ వరసబెట్టి చెప్పేశాడు. నల్లద్దాల వాడు ఖర్జూరం గింజ నెమ్మదిగా పళ్ళెంలో పెట్టి, "మంచిది, మంచిది," అన్నాడు. ఎక్కువసేపు కూచోకుండా వెళ్ళిపోయారు.

బండి దుమ్ము ఇంకా సర్దుకోకముందే ఘబీషా అడిగింది. "ముసల్లం నాన్నా, వాళ్ళ బండి వెనక చూశావా?"

"ఏముంది?"

"తాడూ వలా ఉన్నాయి. పాలసీసా ఉంది, రబ్బరు తిత్తిది. వాళ్ళకి మేకపిల్లలున్నాయా పాలు పట్టడానికి?"

మహాద్‌ లేచి బండి పోయిన వైపు చూశాడు. డబ్బున్నవాళ్ళు సరదాకి ఇళ్ళల్లో పెంచుకోడానికి దూడల్ని ఎత్తుకుపోతున్నారని క్యాంపులో ఆఫీసరు చెబుతూనే ఉన్నాడు.

"అప్పుడే చెప్పొచ్చు కదా," అన్నాడు మహాద్.

"పాలు తాగుతున్నవాళ్ళ ముందు ఏమని చెప్పను?"

"నీ అక్క కొడుకు. అంత పని చేస్తాడా?"

"నా అక్క కొడుకు కాబట్టే చెప్తున్నా. వాడు చిన్నప్పుడు మా నాన్న కత్తి ఒర కూడా అమ్ముకొచ్చాడు."

వెంటనే బండెక్కి వెనక పడాల్సిందా, కాదా? మీరైతే పడతారు. మహాద్ పడలేదు. వాళ్ళు అతని పాలు తాగారు. ఆ పాలు కడుపులో ఉన్నంతసేపు, అంటే మర్నాడు పొద్దెక్కేదాకా, వాళ్ళు అతని అతిథులు. వాళ్ళ మీద చెయ్యెత్తకూడదు, ఇంకొకడి చేత ఎత్తించకూడదు. వైర్‌లెస్‌లో క్యాంపుకి చెప్పినా అది ఎత్తించినట్టే. తండ్రి అలా పెంచాడు, తాత అలా పెంచాడు, వాళ్ళు చెప్పింది నరాల్లో ఇంకిపోయింది. కాలుగాలిన పిల్లిలా చెట్టు చుట్టూ తిరిగాడు. బండి తలుపు తీశాడు, వేశాడు. వైర్‌లెస్ మీద చెయ్యి పెట్టి తీసేశాడు. ఘబీషా అన్నం, ఎండు సొరచేప కూరా పెడితే కెలికి వదిలేశాడు. "పోతే పో, లేకపోతే కూచో, ఇట్లా తిరిగి నా తల తిప్పకు," అని ఆవిడ కసిరింది.

మర్నాడు పొద్దెక్కగానే వెళ్ళాడు. వెళ్ళేసరికి పొద కింద గొయ్యి ఖాళీగా ఉంది. చుట్టూ చెప్పుల గుర్తులు. వంకరకొమ్ము అక్కడక్కడే తిరుగుతోంది. పొద దగ్గరికి వస్తుంది, వాసన చూస్తుంది, పిలుస్తుంది, దూరంగా పోతుంది, పోయినట్టే పోయి మళ్ళీ పరిగెత్తుకొస్తుంది. పొదుగు బిర్రబిగిసి పాలు కారుతున్నాయి. మనిషిని చూసి పారిపోవాల్సింది, పోలేదు, తల దించి కొమ్ములు ఎదురుపెట్టి నిలబడింది. మహాద్‌కి ఏడుపొచ్చింది. "నా నోరు పడిపోను," అనుకున్నాడు, పైకే అన్నాడు.

టైర్ల గుర్తు పట్టుకుని పోయాడు. ఎంతో దూరం పోనక్కర్లేకపోయింది. వాన పడ్డ ఉప్పునేల పైకి ఎండినట్టే కనపడుతుంది, లోపలంతా బురద. మా పిల్లలు కూడా అటు బండి పోనివ్వరు. నల్లద్దాల వాడు అడ్డదారని పోనిచ్చినట్టున్నాడు, పికప్ ఇరుసుల దాకా దిగబడి ఉంది. హుమైద్ మోకాళ్ళ దాకా బురదలో నిలబడి చేతుల్తో తోడుతున్నాడు. బండి వెనక టార్పాలిన్ కింద నుంచి దూడ అరుపు సన్నగా వినపడుతోంది.

మహాద్ బండి గట్టినేల మీద ఆపి నడిచి వెళ్ళాడు. ముక్కు ఆనించాడు. హుమైద్ కళ్ళెత్తలేదు.

"కబుర్లేంటి బాబాయ్?" అన్నాడు. అనకపోతే మర్యాద కాదు మరి.

"ఏమీ లేవు. నీ కబుర్లేంటి?"

"ఏమీ లేవు, అంతా క్షేమం."

దూడ మళ్ళీ అరిచింది. ముగ్గురూ విననట్టే నిలబడ్డారు. మహాద్ వెనక్కి వెళ్ళి తన బండిలోంచి లాగుడు తాడు తెచ్చాడు. దిగబడ్డ బండిని వదిలి పోవడం కూడా మాలో లేదు, అది ఎవరిదైనా సరే. కొక్కెం తగిలించి, ముడి బిగించి చూసుకుని, నీళ్ళ డబ్బా తెచ్చి హుమైద్ ముందు పెట్టాడు. దూడ గురించి ఒక్క ముక్క అడగలేదు. అడిగుంటే హుమైద్ అబద్ధమాడేవాడేమో. అడగకపోయేసరికి నీళ్ళు తాగుతూ తాగుతూ ఆగిపోయాడు. డబ్బా కింద పెట్టి, బండెక్కి, టార్పాలిన్ తీసి, దూడని రెండు చేతుల్తో ఎత్తుకుని బురదలో తడబడుతూ వచ్చి మహాద్ బండి ముందు సీట్లో పడుకోబెట్టాడు.

"ఏంట్రా అది?" అన్నాడు నల్లద్దాల వాడు.

"ఆయన మన బండి లాగాక పిన్ని మొహం నేను మళ్ళీ చూడాలా వద్దా? నువ్వు పట్నం పోతావు, నేనెక్కడికి పోను?"

మహాద్ బండి లాగి గట్టుకి చేర్చాడు. నల్లద్దాల వాడు తాడు విప్పి విసిరేస్తూ, "ఇంత మైదానం, ఎంతకాలమని కాస్తావు ముసలాయనా," అని వెళ్ళాడు.

మేకలు పరాయి పిల్లని తన్నేసినప్పుడు ఘబీషా ఏం చేస్తుందో మహాద్ ఎన్నోసార్లు చూశాడు. గట్టు దగ్గరికి తిరిగొచ్చి, వంకరకొమ్ము ఉచ్చ పోసిన చోట తడి ఇసక తీసి దూడ ఒంటికి రాశాడు, మనిషి చేతి వాసన పోయేలా చేతులకీ రుద్దుకున్నాడు. దూడని దాని గోతిలోనే పెట్టి, దూరంగా పోయి బోర్లా పడుకున్నాడు. తల్లి వచ్చింది. వాసన చూసి వెనక్కి గెంతింది. కొమ్ముతో పొదని కొట్టింది. మళ్ళీ వచ్చింది, మళ్ళీ పోయింది. ఎప్పటికో దూడ వణికే కాళ్ళ మీద లేచి దాని పొట్ట కిందికి దూరితే, తన్నలేదు. తల తిప్పి దూడ తోక మొదలు నాకడం మొదలుపెట్టింది. మహాద్ అలాగే నేల మీద మొహం పెట్టుకుని ఉండిపోయాడు. ఇంక సయ్మా మాట ఎవరికీ చెప్పనని అప్పుడే అనుకున్నాడు. ఎవరికీ అంటే ఎవరికీ. హుమైద్ పేరు బయటపడుతుందని క్యాంపుకీ దొంగల మాట చెప్పలేదు.

థాబిత్ వచ్చింది ఆ తర్వాత. థాబితూ మహాదూ ఒకే ఒంటె పాలు తాగి పెరిగారు, ఒకే తుమ్మచెట్టెక్కి చేతులు గీరుకున్నారు. మహాద్ పెళ్ళికి మేకపోతుల్ని తోలుకొచ్చింది థాబితే. ఉద్యోగాలూ గిద్యోగాలూ వద్దని మేకల్నే నమ్ముకున్నవాడు. ఆ రోజు అతని వెంట మేకలు కాళ్ళీడ్చుకుంటూ వచ్చాయి. కొన్నిటిని బండిలో ఎక్కించుకొచ్చాడు, నడవలేక.

"ఇంకా బతికే ఉన్నావురా, కాలు నిలవనోడా," అంటూ ముక్కు ఆనించాడు. కాఫీ తాగాడు. "కబుర్లేంటి?"

"ఏమీ లేవు."

"కబుర్లేంటి?"

"అంతా క్షేమం."

"తూర్పున మెరుపులు చూశానోయ్, చాలా రోజులైంది. సయ్మా దగ్గర పడినట్టనిపించింది. నువ్వు అటు తిరుగుతావు కదా. పడిందా?"

ఘబీషా కాఫీ వంపుతున్న చెయ్యి ఆగింది. మహాద్ లేచి నిలబడ్డాడు, మళ్ళీ కూచున్నాడు.

"లేదు," అన్నాడు. "అటు నేను చూశాను. ఎండు నేలే."

"అట్లాగా." థాబిత్ గడ్డం గోక్కున్నాడు. "అయితే పడమటికి పోతాను. దూరమే గానీ అక్కడ కొంచెం ఎండుగడ్డైనా ఉంటుందంటున్నారు. నువ్వు చెప్పావు కాబట్టి సరిపోయింది, లేకపోతే తూర్పుకి పోయి చచ్చేవాణ్ణి."

అతను మేకల్ని తోలుకుని పడమటికి తిరిగాడు. ఘబీషా గిన్నెలు తీస్తూ మొగుడి వంక చూడలేదు.

"తిట్టు," అన్నాడు మహాద్. "తిట్టరాదూ."

"తిట్టడానికి నువ్వు నాకు తెలిసిన మనిషైతే కదా."

మహాద్ బండేసుకుని థాబిత్ వెనక పోయాడు. మేకల దుమ్ము కనపడేంత దగ్గరికి వెళ్ళాడు. పిలుద్దామనుకున్నాడు. థాబిత్‌కి చెబితే థాబిత్ అన్నకి చెప్తాడు, అన్న దారిన పోయేవాడికి చెప్తాడు, అలా అలా ఎక్కడికి చేరుతుందో ఎవరికి తెలుసు? దూడ ఇంకా తల్లితో పాటు పరిగెత్తలేదు. కొన్నాళ్ళు ఆగి చెబుదాం, అప్పటికి థాబిత్‌కి ఇంకెక్కడో మేత దొరక్కపోతుందా అని సర్దిచెప్పుకున్నాడు. బండి తిప్పేశాడు. ఇంటికి రాకుండా సయ్మాకే పోయాడు. అక్కడా కూచోలేకపోయాడు. పచ్చిక మడమలు దాటి పెరిగింది. మంద చుట్టూ అది వృథాగా గాలికి ఊగుతుంటే చూడలేక మొహం తిప్పుకునేవాడు. ఇంటికొస్తే సయ్మా వైపు మనసు, సయ్మాకెళ్తే పడమటి వైపు మనసు. నిద్రలో కూడా కాళ్ళు కదుపుతున్నాడని ఘబీషా పక్క దూరంగా వేసుకుంది.

వేడిగాలులు వచ్చి పోయాక ఒక పొద్దున థాబిత్ బండి వచ్చింది. బండి వెనక నాలుగు మేకలు, ఎముకలు లెక్కపెట్టేట్టున్నాయి. నడిచి వచ్చేవి ఒక్కటీ లేవు. థాబిత్ కూడా చిక్కి సగమయ్యాడు. ముక్కు ఆనించాడు, ఎప్పట్లాగే. కూచున్నాడు. మహాద్‌ వైపు చూశాడు గానీ కబుర్లడగలేదు. వచ్చినవాడు అడగకపోతే ఇంటివాడు అడగాలి. మహాదూ అడగలేదని ఘబీషాయే అడిగింది.

"కబుర్లేంటి అన్నయ్యా?"

"ఏమీ లేవమ్మా, అంతా క్షేమం."

"కబుర్లేంటి?"

థాబిత్ కాఫీ గిన్నె అరచేతిలో పెట్టుకుని చూశాడు. "పడమట ఏమీ లేదు. చూలు మేకలు ముందు పోయాయి. తిరిగొస్తుంటే నిన్న రోడ్డు మీద ఒక బండి ఎదురైంది. నల్లద్దాలు పెట్టుకున్నవాడు. వెనక ఇంకో బండి, దాన్నిండా వలలు. ఆగి కబుర్లడిగాడు. సయ్మా వైపు ఎవరైనా దిగి ఉన్నారా, మేకలవాళ్ళు గానీ, ఒంటెలవాళ్ళు గానీ అన్నాడు. ఎవరూ ఉండరు, అక్కడ వాన పడలేదు, మా మహాద్ కళ్ళారా చూసి చెప్పాడు అన్నాను."

థాబిత్ కాఫీ గిన్నె కింద పెట్టాడు.

"వాడు నవ్వాడు, మహాద్. స్టీరింగ్ మీద కొట్టుకుని నవ్వాడు. ఎందుకు నవ్వుతున్నాడో తెలీక నేనూ నవ్వాను."

మహాద్‌కి తల కొట్టేసినట్టయింది. ఎప్పుడూ లేచే మనిషి కూచునే ఉన్నాడు.

"వాళ్ళు రోడ్డు దిగి సయ్మా దక్షిణం గట్టు వైపు పోతుంటే చూస్తూ నిలబడ్డాను," అన్నాడు థాబిత్. "వాణ్ణి అంత నవ్వించింది ఏమిటా అనుకుంటూ ఇంటికి పోతే మా వదిన చెప్పింది, సయ్మాలో గడ్డి మోకాళ్ళెత్తు ఉందని ఎవరో అన్నారని. దొంగకి తెలిసింది నాకు తెలీలేదు."

"దూడ కోసం," అన్నాడు మహాద్. "నా నోటి వల్ల ఒకసారి దాన్ని ఎత్తుకుపోయారు. అందుకని."

"నాతో చెప్పుంటే నేను అక్కడ దిగేవాణ్ణి. మా ఆడవాళ్ళు గుడారాలేసేవాళ్ళు, పిల్లలు మేకల వెనక తిరిగేవాళ్ళు. పొయ్యి పొగ చూసి వాడు అటు బండి తిప్పేవాడా? మనుషులు లేని చోటనేగా వాళ్ళు దిగేది. ఆ చోట మనుషుల్లేకుండా చేసింది నువ్వే." థాబిత్ గొంతు పెంచలేదు. "సరే. వాళ్ళు నిన్న సాయంత్రానికి గట్టు అవతల దిగి ఉంటారు. ఇవాళ వెతుకుతారు. ఆ మాట చెప్పాలనే పొద్దున్నే బయల్దేరాను. లే."

మహాద్ లేచాడు. వైర్‌లెస్ తీసి క్యాంపుకి చెప్పాడు, నల్లద్దాలవాడి గురించి, బళ్ళ గురించి, హుమైద్ గురించి కూడా, ఏమీ దాచకుండా. తమ బళ్ళు ఇప్పుడే అటు బయల్దేరుతున్నాయని క్యాంపు వాళ్ళన్నారు. బండి స్టార్ట్ చేసి, మళ్ళీ దిగి, థాబిత్ ముందుకొచ్చి నిలబడ్డాడు.

"నా మేకలు తీసుకో," అన్నాడు.

"నీ మేకలు నేనేం చేసుకుంటాను. ఇంటి దగ్గర గుడారాలు విప్పి కట్టమని మా ఆవిడకి చెప్పే వచ్చాను. ఈ నాలుగూ బతకాలి, వాటికి మేత కావాలి. సయ్మాకి ఎటు నుంచి పోవాలి, ఎక్కడ దిగాలి, ఆ కబురు చెప్పు."

సయ్మాకి దారి థాబిత్‌కి తెలీకపోవడమేమిటి, చిన్నప్పుడు మహాద్‌ని చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళిందే అతను. అయినా చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని వినడానికి కూచున్నాడు. మహాద్ కూడా ఎదురుగా కూచున్నాడు. వాన ఏ రాత్రి పడిందో, నీళ్ళు ఎంత మేర నిలిచాయో, పచ్చిక ఎటువైపు చిక్కగా ఉందో, ఉప్పునేల ఎక్కడ తప్పించుకోవాలో, వంకరకొమ్ము దూడతో ఏ పొదల దగ్గర తిరుగుతోందో, దూడ నుదుటి మీద మచ్చ ఎంత నల్లబడిందో, అన్నీ చెప్పాడు. చెబుతున్నంతసేపూ కన్నీళ్ళు గడ్డంలోకి కారుతూనే ఉన్నాయి, తుడుచుకోలేదు. బండి ఇంజను ఆడుతూనే ఉంది.

థాబిత్ ఆఖరి మాటదాకా విన్నాడు.

"మంచి కబురు చెప్పావు," అన్నాడు. లేచి, మేకల బండి దగ్గరికి నడిచాడు.